కుప్పం పెళ్ళి క్యాసెట్టులో లేని మూడు నిమిషాలు

పుంగనూరు,
18-11-2002.

బావకు మునీశ్వరి రాసేదేమంటే, ఇక్కడ అత్త, ఆదెప్ప, దీప, నేను అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ బాగుండాలి. అత్తకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. దీపకు ముందు పన్ను ఊడింది. దాన్ని ఉత్తరంలో పెట్టి నాన్నకు పంపమని ఒకటే గోల. మిద్దె మీదికి విసిరేయించాను. దీపావళికి నువ్వు రాలేదని మీ తమ్ముడు ఆదెప్ప మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు.

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. నాలుగు పేజీల్లో రెండు పేజీలు మనం కొనబోయే ఆ కంప్యూటరు గురించే. ఒకే బోర్డు మీద రెండు ప్రాసెసర్లు కూర్చుంటాయని, రెండూ ఒకే రకంవి, ఒకే తడవ తయారైనవి అయితేనే జత కుదురుతుందని, ఒక జీబీ ర్యామ్ వేయాలని, క్యాసెట్టులోని బొమ్మను లోపలికి ఎక్కించే క్యాప్చర్ కార్డు మంచిది కావాలని, క్యాబినెట్టుకు ముందొక ఫ్యాను వెనకొక ఫ్యాను ఉండాలని రాశావు. విండోస్ 98 వేస్తే రెండో ప్రాసెసర్ ఒకటి ఉందని కూడా అది గుర్తించదట, అందుకని 2000 వేయాలట. ఉత్తరం మొత్తంలో నాకు చప్పున అర్థమైంది ఈ ఒక్క ముక్కే. పక్కనే ఉన్న రెండో మనిషిని గుర్తించని వాళ్ళు నాకూ తెలుసు.

కోప్పడకు బావా. లెక్కపెట్టాను కాబట్టి రాస్తున్నాను. ఆ నాలుగు పేజీల్లో అశ్విని పేరు పదకొండు సార్లు ఉంది. దీప పేరు రెండు సార్లు. నా పేరు ఒక్కసారి, అదీ పైన. నువ్వు మూడు నెలలుగా బెంగుళూరులో దొరస్వామి గారి స్టూడియోలో ఎడిటింగు నేర్చుకుంటున్నావు, రెండు ప్రాసెసర్ల మెషిన్ మీద కూర్చుని నేర్పించేది ఆ పిల్ల, కాబట్టి ఆ పేరు రాయక తప్పదు. అంతా తెలుసు. తెలిసినా కడుపు మండుతుంది. ఆ పిల్ల మొహం కూడా నేను చూడలేదు. చూడలేదు కాబట్టి నాకు నచ్చినంత అందంగా ఊహించుకుని మరీ ఏడుస్తున్నాను.

సరే, నువ్వడిగిన వాటికి జవాబులు. గది తయారుగా ఉంది. రేకుల వేడికి ఆ పెట్టె తట్టుకోదన్నావు కదా, పైన థర్మాకోల్ షీట్లు కొట్టించాను. ఎర్తు సరిగా లేదని కరెంటు పని చేసే మునెప్ప చేత పెరట్లో గుంత తీయించి, బొగ్గులూ ఉప్పూ పోయించి కొత్త తీగ లాగించాను. ఆయన పని చేసినంతసేపూ నన్ను వదిలిపెట్టలేదు. "కంప్యూటరుకు ఇంత మర్యాద యాలమ్మా? మీ ఇంటికి కొత్త కోడలు వస్తాండాదా ఏమి?" అన్నాడు. నవ్వాను గాని నాకు నవ్వు రాలేదు.

యూపీఎస్ కోసం మదనపల్లె పోయొచ్చాను. అరగంట నిలిచేది ఉంది. మన కరెంటుకు అరగంట ఏ మూలకు వస్తుంది, కనీసం గంట నిలిచేది చూడు. పనిలో పనిగా గురుమూర్తి స్టూడియో ముందు నుంచి నడిచాను. వాకిట్లో 'కంప్యూటర్ మిక్సింగ్' అని రంగు రంగుల బోర్డు, లోపల ఇద్దరు పెళ్ళివాళ్ళు. నన్ను చూసి పిలిచి మరీ టీ ఇప్పించాడు. వాళ్ళది ఒక్క ప్రాసెసరేనట, చిన్న పాట తయారు కావడానికి పొద్దంతా పడుతుందట. ఆ మాట విన్నాక టీ బాగా రుచించింది.

మూడో ప్రశ్న కాసేపు పక్కన పెడతాను.

నాలుగోది, కార్తీకంలో ఎన్ని పెళ్ళిళ్ళు ఒప్పుకున్నామని. అయిదు. బైరెడ్డిపల్లెలో రెండు, ఊళ్ళో మూడు. కెమెరా ఆదెప్ప చూసుకుంటాడు, మిక్సింగు నేనే. ఈ ఆరేళ్ళూ రెండు వీసీఆర్‌ల మధ్య కూర్చుని, ఒక చేయి దీని పాజ్ మీద, ఒక చేయి దాని రికార్డు మీద పెట్టి ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో నాకే తెలియదు. ఎవరి పెదనాన్న అలిగి కూర్చున్నాడో, ఏ పిన్నమ్మ పెట్టిన సారె కనబడకపోతే వీధికెక్కుతుందో చూసుకుని అతికించేదాన్ని. ఆ పెట్టె వచ్చాక నా చేతులకు పనేముంటుందని నువ్వు ఒక్క ఉత్తరంలోనైనా రాస్తావేమోనని చూశాను. రాయలేదు. అశ్విని మౌసు పట్టుకుంటే అరగంటలో అయిపోతుందని మాత్రం రాశావు.

ఇప్పుడు మూడో ప్రశ్న. "కుప్పం నల్లప్ప గారి కొడుకు పెళ్ళి క్యాసెట్టు ఇచ్చే ముందు నువ్వు చూశావా?" అని అడిగావు. నల్లప్ప గారు స్టూడియోకు ఫోన్ చేసి తిట్టారని, దొరస్వామి గారు అశ్వినిని ఆ మెషిన్ మీద నుంచి లేపేసి క్యాసెట్లు కాపీ తీసే పనికి వేశారని, నెలాఖరు తర్వాత రావద్దనేలా ఉన్నారని, ఆ పిల్ల రెండు రోజులుగా అన్నం ముట్టలేదని రాశావు.

చూశాను బావా. మొదటి నుంచి చివరి దాకా చూశాను.

నువ్వు ఆ మెషిన్ మీద మొదటి పరీక్షగా మన కుప్పం పెళ్ళినే చేయించి, అసలు క్యాసెట్లతో కలిపి బస్సులో పంపించావు. పొద్దున్నే తలుపు వేసుకుని పెట్టుకున్నాను. ఎంత బాగుందో! తలంబ్రాలు పడుతుంటే బొమ్మ మెల్లగా కరిగి ఇంకో బొమ్మలోకి పోతుంది. మాంగల్యధారణ అయితే నాకే ఒళ్ళు జలదరించింది. ఇట్లాంటిది నా చేతుల్లో ఏ జన్మకూ రాదని అర్థమైంది. అట్లా కుళ్ళుకుంటూ చూస్తున్నాను, అయిపోయింది. నల్లప్ప గారి అమ్మ రామలక్ష్మమ్మ ఎక్కడా లేదు.

నీకు గుర్తుంది కదా. పెళ్ళిలో నేను నీకు లైటు పట్టుకున్నాను. మొగుడు పోయిన మనిషినని ఆమె పందిట్లోకి రాలేదు. వంటవాళ్ళ పక్కన గోడ నీడలో నిలబడింది. నల్లప్ప గారే నీ చెవిలో చెప్తే అక్కడికి పోయి మూడు నిమిషాలు తీశాం. ఆమె అక్కడి నుంచే అక్షింతలు విసిరింది. సగం దూరం కూడా పోలేదు. "నేను పడినానా నాయనా దాంట్లో?" అని నిన్నడిగింది. "పడినావవ్వా, బాగా పడినావు" అన్నావు. అశ్వినికి ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి? వంటపాత్రల దగ్గర ఎవరో ముసలామె అనుకుని తీసేసింది.

నాకు తెలుసు. చూడగానే తెలిసింది. ఫోన్ చేసి చెప్పాలి కదా? చెప్పలేదు. సంతోషించాను. ప్రతి ఉత్తరంలోనూ నువ్వు రాసే పేరు కదా, ఇప్పుడు కుప్పంలో ఎట్లా మోగుతుందో చూద్దామనుకున్నాను. ఇంకా ఉంది. ఆ పిల్ల మన అసలు క్యాసెట్లకు ముత్యాల్లాంటి అక్షరాలతో అట్టలు రాసి అంటించింది. ఆ చేతిరాత మన బీరువాలో ఉండటం నాకు ఓర్వబుద్ధి కాలేదు. అట్టలు పీకేసి, మూడు క్యాసెట్లూ ఆదెప్ప సంచీలో వేశాను. పెళ్ళివాళ్ళు చూసి బాగుందనే దాకా అసలు క్యాసెట్టు ముట్టుకోకూడదని నువ్వు పెట్టిన నియమం నాకు గుర్తుంది. గుర్తుండే వేశాను. వాడు మర్నాడు పెద్దపంజాణిలో పుట్టువెంట్రుకల ఫంక్షనును ఆ మూడింటి మీదే తీశాడు, పెళ్ళి చెరిగిపోయింది.

ఆ రోజే నేను కుప్పం బస్సెక్కాను. కొంచెం గొణుక్కుంటారు, అంతే కదా అనుకుంటూ పోయాను. గడపలోకి అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద రామలక్ష్మమ్మ ఫోటో, దండ, కింద దీపం. పోయి నెల దాటిందట. మనకెవరూ చెప్పలేదు. ఆ ఫోటో కూడా ఎప్పటిదో రేషన్ కార్డుది పెద్దది చేయించారు, మొహం సరిగా ఆనదు. ఈ క్యాసెట్టు కోసమే అందరూ కాచుకుని ఉన్నారు. నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, చుట్టుపక్కల వాళ్ళను పిలిచి టీవీ పెట్టారు.

నేను ఆ గంటన్నర కూర్చున్నాను బావా. ప్రతి బొమ్మ మారినప్పుడల్లా నల్లప్ప గారు ముందుకు వంగేవారు. అయిపోయాక కూడా ఆయన టీవీ వైపే చూస్తున్నారు.

"మా యమ్మ యాడమ్మా? మీ ఆయప్ప తీసినాడు కదా, నేను పక్కనే ఉంటిని."

అప్పుడైనా నిజం చెప్పాలి. నా నోట్లో నుంచి ఏం వచ్చిందో తెలుసా? "బెంగుళూరులో కంప్యూటరు మీద ఒక పిల్ల చేసిందప్పా. ఆ పిల్లకేం తెలుసు మన మనుషుల సంగతి" అన్నాను. స్టూడియో నెంబరు కూడా నేనే ఇచ్చాను.

"పోనీలేమ్మా. అసలు క్యాసెట్లు మీ కాడ ఉంటాయి కదా. దాంట్లోంచి మా యమ్మ ముక్క ఒక్కటి తీసిస్తే సాలు" అన్నారు. ఉంటాయప్పా అన్నాను. వాటి మీద ఎవరి పిల్లకో గుండు గీస్తున్నారని తెలిసి కూడా అన్నాను. పలమనేరు దాకా బస్సులో తల ఎత్తలేదు.

ఇంకొకటి దాచాను. అది చెప్పకపోతే ఇదంతా రాసినా రాయనట్టే. క్యాసెట్టు అట్టపెట్టెలో ఒక చీటీ ఉండింది. చదివి చింపబోయాను, చేతులు రాక చీర మడతల్లో దాచాను. దీంతో పాటు పంపుతున్నాను చూడు. "మునీశ్వరి అక్కకు నమస్కారం. మీ ఊరి పద్ధతులు నాకు తెలియవు. ఏది ఉండాలో ఏది పోయినా పర్వాలేదో మీకే బాగా తెలుసని అన్న రోజూ అంటారు. ఇది చూసి తప్పులు చెప్పండక్కా. మీరు సరే అన్న తర్వాతే వాళ్ళకు ఇవ్వండి. మార్చడానికి నాకు ఒక్క రోజు చాలు. అశ్విని."

అన్న రోజూ అంటారు అని ఉంది. ఆ మాట అప్పుడు నా కంటికి కనబడనే లేదు. అక్కా అని పిలవడానికి ఇదెవరు అన్న దగ్గరే ఆగిపోయాను.

నీ ఉత్తరం చదివిన తర్వాత నిన్నంతా ఆలోచించాను. ఈ పొద్దు పదకొండు గంటలకు ఎస్టీడీ బూతుకు పోయి స్టూడియోకు ఫోన్ చేశాను. ఆ పిల్లే ఎత్తింది. నువ్వు కంప్యూటరు సామాను చూడటానికి ఎస్పీ రోడ్డుకు పోయావని చెప్పింది. గొంతు చాలా చిన్నది బావా, మన దీప ఇంకో పదేళ్ళకు మాట్లాడితే అట్లా ఉంటుందేమో. తప్పు నాదేనని చెప్పాను. చీటీ సంగతి చెప్పాను. అసలు క్యాసెట్లు పోయాయని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. తను అడిగింది, "అన్నకు చెప్పమంటారా అక్కా?" అని. వద్దు, నేనే రాస్తానన్నాను.

ఆ తర్వాత తనే చెప్పింది. పెళ్ళి మొత్తం హార్డ్ డిస్కులో అట్లాగే ఉందట. చోటు చాలడం లేదు, తుడిచెయ్యమని దొరస్వామి గారు రెండు సార్లు అన్నారట. రేపు ఇంకో పెళ్ళి ఎక్కించాలట.

"మరి యాల తుడవలేదమ్మా?" అన్నాను.

"మీ దగ్గర నుంచి జవాబు రాలేదు కదక్కా" అంది.

ఆ మాటకు బూతులోనే ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆ పిల్ల తిట్లు తిని, మెషిన్ పోగొట్టుకుని, నా జవాబు కోసం ఆ ముసలామెను కాపాడింది. నా కుళ్ళు పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నువ్వు ఆ పిల్ల పక్కన కూర్చున్నావని తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. అది నా బాధ, నేను పడతాను. రామలక్ష్మమ్మ ఏం చేసింది?

తుడిచెయ్యకుండా ఇంకో రెండు రోజులు ఆపగలనంది. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా సాయంత్రం బస్సులో ఆదెప్ప చేత పంపుతున్నాను. చీటీ చదివిన వెంటనే దొరస్వామి గారికి చూపించు. ఆ మూడు నిమిషాలూ ఆ పిల్ల చేతనే, ఆ మెషిన్ మీదే పెట్టించు, మాంగల్యధారణ అయిన వెంటనే. తయారైన క్యాసెట్టు నేనే కుప్పం తీసుకుపోతాను. నల్లప్ప గారికి చెప్పాల్సింది నువ్వు చెప్పొద్దు, ఆదెప్పా చెప్పొద్దు. ఆయన ఎదురుగా కూర్చుని నా నోటితో నేనే చెప్పాలి.

కంప్యూటరుకు ఇంకో హార్డ్ డిస్కు కూడా వేయించు. వీసీఆర్ మీద చేసినన్నాళ్ళూ అసలు క్యాసెట్లే మన దిక్కు, వాటినేమో చెరిపి చెరిపి వాడతాం. ఇకనుంచి పెళ్ళివాళ్ళు బాగుందనే దాకా పెళ్ళి డిస్కులో ఉండాలి. తుడిచే పని ఎవరి చేతికైనా ఇవ్వు, నా చేతికి మాత్రం ఇవ్వొద్దు.

ఇట్లు,
నీ మేనత్త కూతురు,
మునీశ్వరి.