గీత లేవని జ్వరం

చిరంజీవి మేనకోడలికి,

బస్సు డిపో మేనేజరు మామయ్య దీవెనలు. ఇంట్లో అందరం కులాసా. డిపోలోనే కులాసా లేదు. నలభైముగ్గురు డ్రైవర్లలో రోజూ అరడజను మందికి ఫ్లూ. అదీ శుక్రవారం ఎక్కి సోమవారం దిగే ఫ్లూ. ఫోన్లో వాళ్ళ దగ్గు వింటే నాటకం వేసేవాళ్ళు కూడా సిగ్గుపడాలి.

మీ ల్యాబులో వెలుతురుతో పనిచేసే పెట్టె కట్టావటగా! చుక్క రక్తం వేస్తే ఫ్లూ వచ్చిందీ లేనిదీ చెప్పేస్తుందని మీ అమ్మ అంది. దొంగజ్వరాలు పట్టే యంత్రం అన్నమాట. వెంటనే పంపు.

నీ మేలు కోరే
మామయ్య

తా.క. మెరుపు అని ఒక డ్రైవరున్నాడు. బండి నత్తలా నడుపుతాడని ఆ పేరు. సెలవుచీటీ మాత్రం నిజంగా మెరుపే.

*

మామయ్యకి నమస్కారాలు.

అమ్మ నీకు సగమే చెప్పింది. వైరస్‌ని పట్టుకోడానికి మన ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. మా పెట్టెలో గోరంత బిళ్ళ మీద ఈ ఏడాది ఫ్లూ వైరస్ ముక్కలు అతికించి ఉంటాయి. రక్తంలో యాంటీబాడీలుంటే వచ్చి వాటికి అంటుకుంటాయి. అప్పుడు బిళ్ళ మీద పడిన వెలుతురు కాస్త మారుతుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. అంతే. ఎవరు అబద్ధమాడారో దానికి తెలీదు.

ఇంకోమాట. జ్వరం వచ్చిన రోజే యాంటీబాడీలు రావు. దాదాపు రెండు వారాలు పడుతుంది.

అయితే మా పరీక్షలకి మనుషులు కావాలి. ఇష్టపడి రక్తం ఇచ్చేవాళ్ళుంటే పెట్టె, మా ల్యాబు టెక్నీషియన్ అక్క మీ డిపోలో పదిరోజులుంటారు. ఎవరి ఫలితం వాళ్ళకే చెబుతాం.

ఉంటాను,
మేనకోడలు

తా.క. "ఇష్టపడి" అన్న మాట కింద రెండు గీతలు గీశాను, చూసుకో.

*

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నీ పెట్టె బంగారం! అందరూ ఇష్టపడే ఇచ్చారు. ఇష్టపడనివాళ్ళ పేర్లు రాసుకుంటానన్నాను, వెంటనే ఇష్టపడ్డారు.

ఫలితాలు చెప్పనని మీ అక్క తలుపు వేసుకుంది. కిటికీ ఉందిగా! పోయిన నెలలో ఫ్లూ అని పడుకున్న తొమ్మిదిమందికీ గీత లేచింది. పాపం, వాళ్ళది నిజమే. మెరుపు మూడురోజులుగా జ్వరమంటూనే వచ్చి రక్తమిచ్చాడు. గీత నేలబారు! వాణ్ణి గైర్హాజరుగా రాసి, నా గదికి పిలిపించి, తలుపులు మూసి గంటసేపు సంజాయిషీ అడిగాను. ఇంకోసారి గైర్హాజరైతే ఉద్యోగం ఊడుతుందన్నాను. తుమ్ముతూ కూర్చున్నాడు.

ఇకమీదట గీత చూసే ఫ్లూ సెలవు అని నోటీసు అంటించి, హెడ్డాఫీసుకి నకలు పంపాను. భేష్ అన్నారు.

ఇట్లు
విజయుడైన మామయ్య

తా.క. ఆ తుమ్ములు కూడా నటనే. కాకపోతే బాగా తడిగా ఉన్నాయి.

*

మామయ్యకి,

నమస్కారం పెడుతున్నాను గానీ మనసొప్పడం లేదు. రెండు వారాలు పడుతుందని రాశానా లేదా? మూడోరోజున గీత లేవకపోతే అబద్ధమని కాదు, ఇంకా వేళ కాలేదని. ఒకవేళ అది ఫ్లూ కాక వేరే జ్వరమైనా జ్వరం జ్వరమే కదా. ఒళ్ళు కాలుతున్న మనిషిని మూసిన గదిలో గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టుకున్నావా? అతని ఉద్యోగానికేమైనా అయితే నీ గడప తొక్కను. పెట్టె సోమవారం తెచ్చేసుకుంటున్నాం.

కోపంతో,
మేనకోడలు

తా.క. కిటికీకి పరదా కట్టమని అక్కకి చెప్పాను.

*

చిరంజీవి మేనకోడలికి,

దుప్పటి కిందనుంచి రాస్తున్నాను, అక్షరాలు వణికినా సర్దుకుని చదువుకో. నూట రెండు జ్వరం. ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టుంది.

సెలవడిగాను. "గీత లేచిన చీటీ జతచేయండి. మీ నోటీసును అన్ని డిపోలకూ వర్తింపజేశాం, మేనేజర్లతో సహా" అంది హెడ్డాఫీసు. ఆదివారం మీ అక్క దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాను. గీత నేలబారు. "రెండు వారాలాగి రండి" అందావిడ. హెడ్డాఫీసుకి ఫోన్ చేసి దగ్గాను. "దగ్గులు చాలా విన్నాం" అన్నారు.

గంట ఏడ్చినంత పనిచేసి లేచి, నోటీసు నా చేత్తోనే చింపాను. మెరుపు పేరుకెదురుగా గైర్హాజరు కొట్టేసి సెలవని రాశాను. జ్వరం తగ్గి డ్యూటీకొచ్చిన అతన్ని పిలిచి "తప్పు నాదయ్యా" అన్నాను. ఈసారి తలుపులు తెరిచే. "పడుకోండి సార్, మీ మొహం బాగోలేదు" అన్నాడు. తనే బస్సులో ఇంట్లో దింపాడు. పావుగంట దారికి ముప్పావుగంట పట్టింది. ఒక్క కుదుపు తగల్లేదమ్మా. ఆ నత్తనడక ఎందుకో ఇన్నాళ్ళకి తెలిసింది.

ఇవాళ హెడ్డాఫీసు నాకు సెలవిచ్చింది. డ్రైవర్లంతా అర్జీ పెట్టారట: "మా మేనేజరుగారి దగ్గు నిజమైనదని మేము చెవులారా విన్నాము." నలభైముగ్గురి సంతకాలూ ఉన్నాయి.

సిగ్గుపడుతున్న
మామయ్య

తా.క. అర్జీ అడుగున మెరుపు ఇంకో ముక్క చేర్చాడట: "వారికి రెండు వారాలకు తక్కువ కాకుండా సెలవు ఇప్పించ ప్రార్థన. మాకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది."