పొయ్యికాడ ఎవలన్న దిగుతరా?

మహారాజశ్రీ తాతకు, డిగ్రీ పాసైనా బుద్ధి ఫెయిలైన మనవడు విన్నవించేది.

నువ్వు పెద్ద పొయ్యి పెట్టి పసుపు ఉడకబెట్టిన మన చేను ఇప్పుడు కాలనీ అయింది. పసుపు తవ్వడానికి మనుషులు దొరకడం లేదని నాన్న అమ్మేశాడు. ఇంట్లో నేనున్నాను కానీ, చదువుకున్నవాణ్ని మనుషుల్లో లెక్కెయ్యరు కదా! గేటు మీద ‘గ్రీన్ సిటీ’ అని రాశారు. పచ్చదనమంతా ఆ అక్షరాల్లోనే ఉంది.

ఆర్మూర్ షేర్ ఆటోల్లో మాత్రం ఆ స్టాపు పేరు ఇంకా నీ పొయ్యే. నిన్న సాయంత్రం డ్రైవర్ అరిచాడు: “పొయ్యికాడ ఎవలన్న దిగుతరా?”

కాలనీకి కొత్తగా వచ్చిన మేడం నవ్వింది. “అక్కడ పొయ్యి ఎక్కడుంది? గ్రీన్ సిటీ అనవయ్యా!”

“పొయ్యి ఎవలిదో నాకు గూడ ఎర్క లేదు మేడం. గా పేరుకు ఎవలన్న దిగితెనే పిలుస్త, లేకుంటె బంద్.”

ఆ పొయ్యి ఎవరిదో ఆటోలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

“నేను దిగుత, అన్న!”

మన ఇల్లు అక్కణ్నుంచి ఇంకా రెండు కిలోమీటర్లు. నడిచే వెళ్లాను. ఇకనుంచి రోజూ అక్కడే దిగుతాను. నువ్వు గొంతు పోయేలా పిలిచినప్పుడు పొయ్యికాడికి ఒక్కరోజూ రాలేదు కదా, తాతా.