ఎక్స్‌రేకి కనబడని చీము

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టింది కోడలు. ఉండనీ, ఉత్తరమన్నాక ఆ ముక్క ఉండాలట. చెప్పేది నేను, రాసేది తను. నా మాటలు మెత్తబరిస్తే దొరికిపోతుంది, పక్కింటావిడ చేత చదివించుకున్నాకే పోస్టు చేయిస్తాను.

నా మోకాళ్లెలా ఉన్నాయని అడిగావు. వాటి సంగతి వదిలెయ్. పడుకున్నా నడుం నొప్పి తగ్గడం లేదు, రాత్రికి ఎక్కువవుతోంది, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోంది అని నువ్వే రాశావు. కుట్టుమిషన్ మీద వంగి కూర్చోవడం వల్లే అని తీర్పూ నువ్వే ఇచ్చేశావు. పెళ్లి కాకముందు నుంచీ వంగే కూర్చున్నావు కదరా, ఒళ్లు వెచ్చబడింది ఇప్పుడేగా. చొక్కాకి కొలతలు తీసినంత మాత్రాన లోపలి వెన్నెముక తెలుస్తుందా?

నీకు షుగరుంది. మొన్న వీపు మీద సెగగడ్డ కోయించుకున్నావు. ఆ చీములోని క్రిమి నెత్తుట్లో పడి వెన్నుపూసలో కాపురం పెట్టగలదట. ఎక్స్‌రేలో ఏం లేదన్నారుగా అంటావు. నేనూ మా డాక్టరమ్మతో అదే అన్నాను. "ఎముకని బాగా తినేశాక గానీ ఎక్స్‌రేకి కనబడదమ్మా. ఎమ్మారై అయితే మొదట్లోనే పట్టేస్తుంది" అందావిడ.

ఇక నీ ఆఖరి మాట. "అక్కా, నీకూ ఇలాంటి నొప్పే వస్తే ఎమ్మారైలో ఏమీ లేదన్నారుగా, నాకెందుకు దండగ" అన్నావు. అది విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఏమీ లేదని ఎవరూ అనలేదురా. అసలు ఫోటోయే రాలేదు. గొట్టంలోకి తోశారు, అది డబడబా మోత మొదలుపెట్టింది. "మామ్మగారూ, కదలకండి, మాట్లాడకండి" అన్నాడు ఫోటో తీసేవాడు. "ముందు దాని నోరు మూయించు" అన్నాను. బొమ్మ చెదిరింది, మళ్లీ తీయాలన్నాడు. ఇబ్బందైతే పిలవమని చేతిలో పెట్టిన రబ్బరు బుడ్డి నొక్కి దిగొచ్చేశాను. భయపడ్డానని ఒప్పుకోలేక, ఏమీ లేదట అని నీకు రాయించాను. కోడలు అప్పుడే గొణిగింది, నేనే కసిరాను.

నొప్పి ముదిరాక మళ్లీ పడుకోబెట్టారు. ఈసారి నోరెత్తలేదు. రెండు పూసల మధ్య చీము. మొదట్లోనే పట్టుకుని ఉంటే మందులతో పోయేదట. నరాల్ని నొక్కేదాకా తెచ్చుకున్నాను. ఆపరేషన్ చేసి తీశారు, అదీ నీకు రాయనివ్వలేదు. ఎడమ కాలు మాత్రం నా మాట వినడం మానేసింది.

రేపే వెళ్లు. అది ఎంత మోగినా మోగనీ, కదలకుండా పడుకో. నయం చేయించుకుని నీ కాళ్ల మీద నడిచి రా. నేను లేచి తలుపు తీయలేను. గడియ వేయొద్దని చెప్పాను, తోసుకుని లోపలికి రా.

ఇట్లు,
ఈసారి నిజమే రాయించిన
నీ అక్క