సూదిలో ఎంత

1989 ఆగస్టు 7, సోమవారం
ల్యాబులో కొత్త గాజు సూది. సూది మారితే చుక్క మారుతుంది. అందుకే ముందు నూనెలో ఒక చుక్క వదలడం, మైక్రోస్కోపు కింద దాని వెడల్పు చూసి లెక్క కట్టడం. ఆ తర్వాతే కప్ప గుడ్డులోకి ఎక్కించడం. ఈ రోజు కొంచెం ఎక్కువైంది — గుడ్డు పగిలి తెల్లగా కారింది. "పోతే పోయింది, ఇంకోటి తీసుకో," అన్నారు మేడమ్. తీసుకున్నాను.

8, మంగళవారం
మళ్లీ వినిపించింది. సరిగ్గా సూది గుడ్డుకు తగిలేటప్పుడే. "సుయి వద్దే అమ్మా." నా లక్ష్మి గొంతు. ల్యాబులో నేను తప్ప ఎవరూ లేరు.

10, గురువారం
పోయిన వానాకాలం గల్లీ డాక్టర్ సీసాలోంచి మందు లాగాడు, వెలుగుకు పట్టి చూడనైనా చూడలేదు, పొడిచాడు. సాయంత్రానికి లక్ష్మి లేదు. ఎంత ఎక్కించాడు? కంటికి ఆనని చుక్కకు లెక్క కడతాను, నా బిడ్డ ఒంట్లోకి పోయింది ఎంతో ఎవడూ చెప్పడు. ఆ మందు వల్లనే పోయిందని కూడా ఎవరూ అనలేదు. "దేవుడు తీస్కపోయిండు," అంటుంది అత్త, బీడీ చుడుతూనే. దేవుడట! ఒళ్లు మండుతుంది.

12, శనివారం
లక్ష్మి తమ్ముడికి, మా చిన్నోడికి, జ్వరం.

13, ఆదివారం
తగ్గలేదు. అత్త అదే డాక్టర్ అంటుంది. "సుయి ఏస్తే పొద్దుగూకెవరకు లేసి ఆడుతడు. ఊకె బుగులు పడకు."

14, సోమవారం
వెళ్లాం. అదే బల్ల, అదే స్పిరిట్ వాసన. సిరంజి నింపాడు. అతని చెయ్యి పట్టుకున్నాను. "ఎంత వేస్తున్నారు?"
"తుమ్హీ డాక్టర్ కా, బాయి?" డాక్టరువి నువ్వా అన్నట్టు నవ్వాడు. ఎంతో మాత్రం చెప్పలేదు.
పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చేశాను. మా దాజీ పేట్ గల్లీ అంతా వినేలా అత్త — "కప్పలకు సూదులు గుచ్చుకుంట తిరుగుతవ్, పోరనికి వద్దంటవా? ఏం పుట్టింది నీకు?"

15, మంగళవారం
ఒళ్లు కాలిపోతోంది. తడిగుడ్డ మారుస్తూనే ఉన్నాను. వీడి అక్కకు వేయించినందుకు పోయింది. వీడికి వేయించనందుకు... ఛీ, ఈ మాట రాయను.

మధ్యాహ్నం
పాలు మింగడం లేదు. భయంగా ఉంది. మా ఆయన సాంచ మగ్గం ఆపి వచ్చాడు. పిల్లాడి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.
"పెద్ద దవాఖానకు పోదాం," అన్నాను.
"పోదాం." చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "ఆడ మాత్రం ఎంత ఏస్తరో నీకు చెప్పి ఏస్తరా?"
ఆయన ఆటో కోసం వెళ్లాడు. పిల్లాడు నా ఒడిలో ఉన్నాడు, కళ్లు తెరవడం లేదు. ఆటో వచ్చినట్టుంది —