నీ చెయ్యి కూడా చూపించు

అమ్మా,

నువ్వు డాక్టరమ్మకి అబద్ధం చెప్పావు. ఆవిడ ఫోన్ స్పీకర్లో పెట్టి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా చేతులూ కాళ్లూ ఇలా పట్టు తప్పడం ఉందా అండీ?" అని అడిగితే, మాట పూర్తి కాకముందే "మా ఇంటా వంటా లేదండీ" అనేశావు.

నేను ఫోన్ చేస్తే "పొయ్యి మీద పాలున్నాయి, ఉండు" అని పెట్టేస్తావు. రోజుకి ఎన్నిసార్లు కాస్తావమ్మా పాలు? అందుకే ఈ ఉత్తరం బాబాయి చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు చదివేదాకా అక్కడి నుంచి కదలొద్దని చెప్పాను.

తింటున్నావా అని బాబాయి చేత అడిగించావు. తింటున్నాను. పనికి పోతున్నావా అని అడిగించావు. పోతున్నాను గానీ, మోటారు వైండింగుకి వాడే సన్న తీగ వేళ్ల మధ్య నిలవడం లేదు. మొన్న చుట్టినదంతా జారి చిక్కుపడింది. "చేతులా, చిల్లుగరిటెలా రా అవి?" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. ఈ పని నాకెవరూ నేర్పలేదు. కాలిపోయిన మోటార్లు విప్పి విప్పి నేర్చుకున్నాను. ఇది పోతే నా దగ్గర ఇంకేముంది?

స్కాన్ సంగతి చెబుతాను. చేతికి చల్లటి జెల్ రాసి, మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న పరికరాన్ని మెల్లగా జరిపారు. కడుపుతో ఉన్నవాళ్లకి తీసేలాంటి స్కానే. కాకపోతే ముక్కలు ముక్కలుగా తీసిన బొమ్మలన్నీ కలిపి, నరాన్ని నిలువునా తెర మీద నిలబెడుతుంది. ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. నా నరం తాడులా ఉబ్బి ఉంది.

"అక్కడక్కడా ఉబ్బితే ఒక జబ్బు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకే లావుంటే ఇంకోటి. మొదటిది మందుకి లొంగుతుంది. రెండోది వంశంలో వచ్చేది, దాన్ని తగ్గించే మందు లేదు. నీ బొమ్మ చూస్తే ఎటూ చెప్పలేకపోతున్నా బాబూ" అంది డాక్టరమ్మ. రక్తపరీక్షలూ తేల్చలేదు. నువ్వు లేదన్నావు కాబట్టి మొదటిదే అనుకుని, సోమవారం నుంచి సెలైన్లో మందు ఎక్కిస్తారట. నెలల తరబడి. రెండోదైతే అదంతా దండగే.

ఇప్పుడు చెప్పు. నా చొక్కా గుండీలు ఎప్పుడూ అక్క చేతే ఎందుకు పెట్టించేదానివి? సీసా మూత రాకపోతే "మగాడివి, నువ్వు తియ్యరా" అని నాకిచ్చేదానివి. అప్పటికి నన్నింకా బడిలో కూడా వెయ్యలేదు! నడుస్తుంటే నీ కాలి చెప్పు జారిపోయేది. వెనక్కి తిరిగి రాయిని తిట్టేదానివి. అక్కడ రాయే ఉండేది కాదు.

నేనూ ఒకటి దాచాను. నువ్వు "లేదండీ" అన్నప్పుడు ఆ గదిలోనే ఉండి నోరు మెదపలేదు. నాది మందుకి లొంగే జబ్బే అయితే బాగుండనిపించింది. నీ చేతిలోనూ అదే కనిపిస్తే నాది తగ్గేది కాదని తేలిపోతుంది. తెలుసు. అప్పటి నుంచి కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే ఎటైనా పోవాలనిపిస్తోంది.

నీ వల్లే నాకొచ్చిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను. నువ్వు దాస్తే మాత్రం నిన్నూ వదిలిపెట్టను.

శుక్రవారం పొద్దున స్కాన్ గదిలో నీ పేరు రాయించాను. వచ్చి నా పక్కన చెయ్యి చాపు. గురువారం చీకటి పడేలోగా "వస్తున్నా" అని ఒక్క మాట చెప్పు. చెప్పకపోతే శుక్రవారం ఆ చెప్పు సంగతీ, మూత సంగతీ డాక్టరమ్మకి నేనే చెప్పేస్తాను.

ఇట్లు,
కోపం దిగని నీ చిన్నోడు