పదికి ఎనిమిది

మంగళవారం, చాండ్లర్

నా మూడేళ్ల నడుము నొప్పిని డాక్టర్ ఈరోజు మొదటిసారి నమ్మింది. ఎప్పుడు ఎక్కువవుతుందని అడిగినప్పుడల్లా తడబడేదాన్ని. ఈసారి ఫోన్ చేతికిచ్చాను. మూడు నెలలుగా యాప్‌లో రోజూ నొప్పికి పదికి ఇన్నని మార్కులు వేస్తున్నాను. చిప్ ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసిన రోజుల్లో ఎనిమిది కంటే తగ్గలేదు. అది చూసి, నాకు కూర్చునే పని ఇవ్వమని మా మేనేజర్‌కి లెటర్ రాసిచ్చింది.

ఇంట్లో మా ఆయన కంగారుపడ్డాడు. "వీసా రెన్యువల్ ముందు మేనేజర్‌కి ఇదెందుకు? కొన్నాళ్లు ఆగరాదూ?"

ఆ భయం నాకూ ఉంది. యాప్ చూపించాను.

"మొన్న మనింట్లో పార్టీ రోజు తొమ్మిదా? నవ్వుతూనే ఉన్నావుగా!"

"నవ్వాను. అందుకే ఎవరూ నమ్మలేదు."

ఫోన్ తిరిగిచ్చి, "సరే, పంపెయ్" అన్నాడు.

క్లినిక్ పార్కింగ్‌లోనే పంపేశానని చెప్పాను. జవాబింకా రాలేదు. రేపు మాత్రం నిలబడను.