శిరీష టైం

శివనగర్, వరంగల్.
29 అక్టోబర్ 2024, మంగళవారం.

ప్రియమైన శిరీష అక్కకు,

నీ తర్వాత ఈ ఇంటికి వచ్చిన ప్రేమలత వందనములు చెప్పి రాయునది. ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమం. నువ్వక్కడ క్షేమంగా ఉన్నావని ప్రతి ఏడూ నీ జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు చెబుతూనే ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్న నేను వేరే అడగడం లేదు. మీ అమ్మ కృపమ్మగారికి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. నీ కూతురు కెజియా ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది, పొడవులో నన్ను దాటిపోయింది.

నువ్వు పోయి ఐదేళ్లు. జాన్సన్ నన్ను చేసుకుని రెండేళ్లు. మనం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఈ ఉత్తరాన్ని ఏ పోస్ట్‌మ్యానూ నీకు చేర్చలేడని తెలుసు. అయినా బతికున్న వాళ్లెవరికీ రాయలేని మాట ఒకటుంది, అందుకని నీకే రాస్తున్నాను. అక్కా, నాకు నువ్వంటే అసూయ. అలాంటిలాంటి అసూయ కాదు. పప్పులో ఉప్పు సరిపోయిందని ఆయన అన్నా, ఎవరి పప్పుతో పోల్చి అంటున్నాడా అని ఆ ముద్ద నాకు గొంతు దిగదు. చచ్చినవాళ్ల కళ్లు చారెడని మా అమ్మ అంటుంది. నీ కళ్లు మాత్రం ఈ ఇంటి గోడంత పెద్దవి. ఆ గోడకు వేలాడే గడియారంలోంచి అవి నన్నే చూస్తుంటాయి.

అవును, గడియారం సంగతి రాయడానికే కూర్చున్నాను. నెక్కొండ నుంచి నీ పెళ్లి సామాన్లతో వచ్చిందట కదా, కింద బైబిల్ వాక్యం రాసి ఉన్న గోధుమరంగు చట్రం గడియారం.

ఈ ఇంటికొచ్చాక నా మొదటి డ్యూటీ రోజు పొద్దున దాన్ని చూసి లేటయిపోయిందని టిఫిన్ డబ్బా కూడా మరచి ఉరికాను. ఆసుపత్రికి పోతే పాత షిఫ్టు వాళ్లింకా చాయ్ తాగుతున్నారు. సాయంత్రం చెబితే జాన్సన్ నవ్వాడు. అది శిరీష టైం లతా, నేను డ్యూటీకి పోయె నెక్కొండ ప్యాసింజర్ తప్పిపోకుండ ముందుకు జరిపిపెట్టింది, జర తీసేసి సూడాలె అన్నాడు. జర అంటే ఎంత అని అడిగాను. అలవాటైతది తియ్ అన్నాడు. ఇల్లు దాటితే అందరికీ ఫోన్‌లో టైం. ఇంట్లో ఉన్నంతసేపు మాత్రం కళ్లు గోడకే పోతాయి. గడియారం చూడటం, మనసులో కొంత తీసేయడం, అప్పుడు లేవడం. ఈ ఇంటి 'ఇప్పుడు' కూడా నీదేనని నాకు ఆ రోజే అర్థమైంది.

టైం తెలియని దాన్ని కాదక్కా నేను. లేబర్ రూంలో సిస్టర్‌ని. బిడ్డ పుట్టగానే గోడ వైపు చూసి టైం చెప్పేది నేనే, ఆ మాటే వాడి జన్మకాలం అవుతుంది. ఈ మధ్య తొర్రూరు దగ్గరి నుంచి మొగిలమ్మ అనే ముసలమ్మ కోడలిని కాన్పుకు తెచ్చింది. మనుమడు పుట్టాక నన్ను కొంగు పట్టుకుని ఆపింది. తల బయటికొచ్చినప్పుడా బిడ్డా, ఏడ్చినప్పుడా, బొడ్డు కోసినప్పుడా, ఏది పుట్టిన టైం, జాతకం రాసేటాయన అడుగుతడు అంది. ఏడ్చినప్పుడు అన్నాను. అయితే గా పోరడు జర ఆగి ఏడ్చిండు గద, అందాక ఏమైనట్టు, పుట్టినట్టా పుట్టనట్టా అంది.

నాకు నవ్వొచ్చింది. ఏదో చెప్పి పంపేశాను. కానీ బస్సులో వస్తుంటే ఆ ప్రశ్న నాతోపాటే కూర్చుంది. తల వచ్చింది, ఏడుపు రాలేదు. బిడ్డ ఉన్నాడు, కానీ ఉన్నాడని ఇంకా ఎవరూ అనలేదు. ఈ ఇంట్లో నా సంగతీ అదే కదా అనిపించింది. రెండేళ్ల కింద లోపలికొచ్చాను, ఇంకా ఏడవలేదు.

జాన్సన్ ఫిజిక్స్ పిచ్చి నీకు తెలిసిందే. అన్నం తినేటప్పుడు కూడా కెజియాకు పాఠం. మనకు కనబడే సూర్యుడు ఎనిమిది నిమిషాల కిందటోడు, ముందున్న కంచం గూడ కంటికి చేరెవరకు పాతదైతది, ఇప్పుడు అనేదాన్ని ఇంతవరకు ఎవ్వలు సూడలేదు, అన్నాడోరోజు. మరి నేను అని అడిగాను. నువ్వు ఇంత దగ్గర ఉంటివి లతా, నీ కాడ ఆ తేడా లెక్కకే రాదు అన్నాడు. సంతోషపడాల్సిన మాటే. పడబోయాను కూడా. ఇంతలోనే, శిరీషకు ఈ ముచ్చట జెప్తె నమ్మనే నమ్మదు, నవ్వుతది, అన్నాడు. నమ్మదట, నవ్వుతుందట. వంటగదిలో నువ్వు చారు కాస్తున్నట్టే చెప్పాడు. పక్కన కూర్చున్న నేను పాతపడిపోతున్నాను, ఎప్పుడో పోయిన నువ్వు ఇప్పుడులో ఉన్నావు. ఇదేం ఫిజిక్స్ అక్కా? నేను పెరుగు వేసుకోకుండానే లేచిపోయాను.

పోయిన గురువారం సాయంత్రం ఆ గడియారం ఆగిపోయింది. ముందుగా కెజియా చూసింది. అమ్మాయి మొహం మాడిపోయింది. జాన్సన్ గబగబా కిరాణా కొట్టుకు పోయి బ్యాటరీ తెచ్చాడు గానీ, తెచ్చి చేతిలో పెట్టుకుని కిందే నిలబడ్డాడు. నువ్వే పెట్టు లతా అన్నాడు. నేను స్టూలెక్కాను. ఎంత ముందు పెట్టాలి అని అడిగాను. పది నిమిషాలు అన్నాడు ఆయన. పది కాదు డాడీ పావుగంట, నేను చిన్నప్పటిసంది పావుగంటే తీసేస్తాన అంది కెజియా. పది, పావుగంట, పది, పావుగంట. తండ్రీకూతుళ్లు నిజంగానే పోట్లాడుకున్నారు. ఇన్నేళ్లూ ఒకే గోడ చూస్తూ ఇద్దరూ రెండు వేరువేరు ఇప్పుడుల్లో బతికారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. కృపమ్మగారికి ఫోన్ చేస్తే, నాకేం యాదికున్నది బిడ్డా, సమాధుల పండుగకు వస్త గద, అప్పుడు మాట్లాడుదాం అని పెట్టేసింది.

దాచుకోవడమెందుకు, నాకు లోపల భలే సంబరమైంది. నీ టైం ఎంతో నీవాళ్లకే తెలియదు! పైగా గడియారం నా చేతుల్లో ఉంది. నా ఫోన్ చూసి, ఉన్న టైం ఉన్నట్టు సరిగ్గా పెట్టి తగిలించేశాను. పెట్టాను అన్నాను, అంతే. తన లెక్కే పెట్టానని ఆయన అనుకున్నాడు, తన లెక్కే అని ఆ పిల్ల అనుకుంది. ఇద్దరూ తృప్తిగా వెళ్లిపోయారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. రెండేళ్లలో మొదటిసారి ఈ ఇంట్లో టైం నాది.

మర్నాడు హనుమకొండలో కెజియాకు పాటల పోటీ. నువ్వు నేర్పిన పాటే పాడతానని నెల రోజులుగా సాధన చేసింది. తలుపు చాటున వింటూ ఆ పాట మీద కూడా నేను అసూయపడ్డాను. నాకు పొద్దుటి డ్యూటీ, ముందే వెళ్లిపోయాను. వాళ్లిద్దరూ గడియారం చూశారు. అలవాటుగా ఒకరు పది, ఇంకొకరు పావుగంట తీసేసుకున్నారు. ఇంకా చానా టైమున్నది అని జాన్సన్ రెండో చాయ్ కూడా తాగాడట. వాళ్లు పోయేసరికి కెజియా పేరు రెండుసార్లు పిలిచి, కొట్టేసి, తర్వాతి పిల్లను ఎక్కించారు. ఇప్పుడు వచ్చిన సార్, పాడుత అని ఈ పిల్ల బతిమాలిందట. పేరు పిలిచినప్పుడు ఉంటెనే ఉన్నట్టమ్మా అన్నారట వాళ్లు.

సాయంత్రం నేను వచ్చేసరికి జాన్సన్ ఫోన్ చేతిలో పట్టుకుని గడియారం ముందు నిలబడి ఉన్నాడు. కెజియా గది తలుపు వేసి ఉంది. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరవడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను. సరైన టైం పెట్టడం కూడా తప్పేనా, ఈ ఇంట్లో నాకు గడియారం ముట్టుకునే హక్కు కూడా లేదా అని. ఆయన అరవలేదు. సరిగ్గనే ఉన్నది, అన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. గడియారం ముందున్నన్ని రోజులు ఆమె మనకంటె జర ముందు పోయింది అంతే అనిపించేది లతా, వెనుక మనం పోతానమనుకునేటోన్ని, ఇయ్యాల సరిగ్గ ఉన్నది, ఇగ ఆమె లేదు అన్నాడు.

చెప్పులు కూడా విప్పకుండా అలాగే నిలబడిపోయాను. జాలేసింది. జాలితోపాటే, చెబితే సిగ్గు, అసూయ కూడా రెట్టింపయింది. నేను పోతే నా కోసం ఎవరైనా ఇలా గడియారం చూసుకుంటారా అని.

నాలుగు రోజులైంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే భరించలేకుండా ఉన్నాను. కెజియా పెట్టింది తిని పోతోంది. ఇప్పుడు ఇంట్లో కూడా అందరూ ఫోన్‌లోనే టైం చూసుకుంటున్నారు. పిలవని పేరంటానికి వచ్చినదానిలా సరైన గడియారం గోడ మీద ఉంది, పలకరించే దిక్కు లేదు. ఇప్పుడు అనేది నాకే దక్కిందక్కా, కానీ అందులో నేను తప్ప ఎవరూ ఉండటం లేదు.

అందుకే అడుగుతున్నాను. నువ్వెంత ముందు పెట్టావు? పదా, పావుగంటా? ఎంతో తెలిస్తే అంతే పెట్టేస్తాను. ఈ ఇల్లు నీ టైంలోనే నడవనీ, నేనూ తీసేసుకుని బతుకుతాను. శుక్రవారం మీ అమ్మ వస్తోంది. శనివారం సమాధుల పండుగ. నిరుడు కావాలనే ఆ రోజు డ్యూటీ వేయించుకున్నాను. ఈసారి వేయించుకోలేదు. గడియారం ఎవరు ముట్టారని ఆమె అడిగితే నేనే అని చెబుతాను. ఆపైన ఆమె ఏమన్నా పడతాను.

నీ చోట కాదు, నీ తర్వాత ఉన్న నీ చెల్లెలు,
ప్రేమలత

తా.క. నవంబర్ 2, శనివారం. ఉత్తరం మడిచి పెట్టేశాను గానీ, మళ్లీ విప్పాల్సి వచ్చింది.

నిన్న మీ అమ్మ వచ్చింది. సంచి కింద పెట్టకముందే గడియారం చూసింది. ఎవరు ముట్టారని అడగలేదు. వంటింట్లో నాతోపాటు చిక్కుడుకాయలు తుంచుతూ, తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. శిరీష ఆ గడియారం ఎన్నడు ముట్టనేలేదు బిడ్డా, ముందుకు జరిపింది నేను, వచ్చినప్పుడల్ల బ్యాటరీ మార్చి పెట్టింది గూడ నేనే, దాని కోసమే జరిపిన, అంది. దానికి టైం ఎక్కడిది, పుట్టుడే లేటు, పుట్టినంక గూడ మంత్రసాని భయపడేదాక ఏడ్వలే, కాలేజీ బండి ఒకరోజు దొరికితె ఒకరోజు పోగొట్టుకునేది, అంది. లగ్గమైనంక గడియారం అట్లనే ఇక్కడికొచ్చింది, నీ పెనిమిటి తన బండి కోసమే పెట్టిందనుకొని మురిసిండు, అదేమో అవునన్నది, గిప్పుడు ఆయనకు చెప్పకు, అంది.

పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా నవ్వానక్కా. రెండేళ్లుగా ఎప్పుడూ లేటవ్వని మనిషితో పోటీ పడ్డాను. ఆ మనిషి ఈ ఇంట్లో ఎన్నడూ లేదట. నీ గుట్టు ఆయనకు చెప్పను, భయపడకు.

తర్వాత ఆమె హాల్లోకి పోయి, ఇప్పుడీ ఇంట్ల లేటయ్యేటోళ్లు ఎవలు అని అడిగింది. జాన్సన్, కెజియా ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నిజమే మరి, కాన్పులు నా డ్యూటీ టైం చూసి రావు, చర్చికి కూడా మొదటి పాట అయ్యాకే చేరతాను. అట్లయితె చిన్నమ్మ కోసం జర ముందుకు జరుపు బిడ్డా, అంది కెజియాతో. కెజియా స్టూలు తానే తెచ్చుకుంది. ఎంత జరపాలె అమ్మమ్మా అని అడిగింది. ఎంతో సూడకు, కండ్లు మూసుకొని తిప్పు, ఎంతో తెలిస్తె తీసేసుకుంటరు, అంది మీ అమ్మ. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని తిప్పింది. జాన్సన్ స్టూలు పట్టుకున్నాడు.

ఈ పొద్దున నీ దగ్గరికి నలుగురం వచ్చాం. అందరికంటే ముందు తయారైంది నేనే. కెజియా నీ పాట మొత్తం పాడింది. పేరు పిలిచేవాళ్లూ లేరు, లేటైందన్నవాళ్లూ లేరు.

ఇప్పుడు టైమెంతో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెచ్చుకున్న గడియారం నీది, జరిపించిన తల్లి నీది, తిప్పిన కూతురు నీది. జరిపింది మాత్రం నా కోసం. నిజం చెప్పక్కా, నీకిప్పుడు కొంచెమైనా అసూయగా లేదూ?